మోటు టైరు సూసి మోసపోకుండ్రి: గుట్టల సైకిల్ కొనే ముంగట తెల్వాల్సిన ముచ్చట్లు

మండల కేంద్రంల ఏ సైకిల్ దుకాణం ముంగట నిలబడ్డా ఇప్పుడు ఒక్క తీరు బండ్లే కనపడుతున్నయి. మోటు టైర్లు, ముంగటొకటి ఎనుకొకటి షాకప్పు, రెండు డిస్కులు, 21 గేర్లు, ఫ్రేము మీద రంగురంగుల అక్షరాలు. ఇదేందన్నా అని అడిగితె "ఎంటీబీ తమ్మీ, గుట్టలెక్కుతది" అంటడు దుకాణపాయన. ధర పదివేల చుట్టుముట్టు చెప్తడు. పోరగాండ్లు ఇంట్ల బాపును సతాయించి, పత్తి పైసలు రాంగనే తెచ్చుకుంటరు. ఆరు నెల్లు తిరగకముందే ఎనుక షాకప్పు కిర్రుకిర్రుమంటది, గేరు తప్పుతది, బ్రేకు పట్టదు. సైకిల్ పోయి పశుల కొట్టం గోడకు ఒరుగుతది.

మాది రాచకొండ గుట్టల దిక్కు. ఎనిమిదేండ్ల సంది ఈ బండలల్ల, మొరం తొవ్వలల్ల సైకిల్ తొక్కుతున్న. ఊర్ల పోరగాండ్ల సైకిళ్లు ఖరాబైతె ఇంటి ముంగట కూసోని బాగు జేస్త. ఆదివారమొస్తె పట్నంకెళ్లి కార్ల మీద సైకిళ్లు కట్టుకోని మా గుట్టలకు వస్తరు కొందరు. ఆ సైకిళ్లను దగ్గరికి పోయి సూస్తె చానా వాటికి ఎనుక షాకప్పే ఉండదు. ముంగట పండ్ల చక్రం ఒక్కటే ఉంటది. టైరు కూడ మరీ మోటుగ ఉండదు. పైసలున్నోళ్లు సోకు తక్కువున్న సైకిల్ ఎందుకు కొంటున్నరు? మనకు సోకు ఎక్కువున్నదెందుకు అంటగడుతున్నరు? ఇది జర ఆలోచించాల్సిన ముచ్చటే.

నా మాట ఒక్కటే. గుట్టల సైకిల్‌కు పైసలు పెట్టాల్సింది నాలుగింటి మీద: ఒంటికి సరిపడే ఫ్రేము, ఆగే బ్రేకు, పట్టు తప్పని టైరు, నెత్తి మీద హెల్మెట్. మిగిలినయన్ని వీటి తర్వాతనే. ఎందుకో ఒక్కొక్కటి చెప్త.

బ్రేకు కాడ మొదలైన కథ

మౌంటెన్ బైక్ అనేది 1970లల్ల అమెరికాల పుట్టింది. కాలిఫోర్నియా రాష్ట్రంల మారిన్ కౌంటీ అని ఉంటది. అక్కడి పోరగాండ్లు టామల్‌పైస్ అనే గుట్ట దిక్కు మట్టి తొవ్వలల్ల పాత సైకిళ్లేసుకోని కిందికి ఉరికిస్తుండె. మన తాతల 22 ఇంచుల సైకిల్ లెక్కనే అవి మస్తు బరువు. గేరు ఒక్కటే, పెడల్ ఎనుకకు తొక్కితె పడే బ్రేకు. 1976ల వాండ్లు మొదలువెట్టిన పందెం పేరు 'రీప్యాక్'. ఒక్కసారి కిందిదాక దిగేసరికి బ్రేకు వేడికి హబ్బుల గ్రీజు కాలి పొగలొస్తుండె. మళ్ల గ్రీజు నింపితె తప్ప ఆ సైకిల్ పనికిరాకపోతుండె. ఆ గ్రీజు నింపుడుకెళ్లే పందానికి ఆ పేరు పడ్డది.

మరి వాండ్లు ముందుగాల ఏం మార్చిన్రు? షాకప్పు జోలికి పోలె. డ్రమ్ము బ్రేకులు పెట్టిన్రు, మోటర్ సైకిల్ బ్రేకు లీవర్లు బిగిచ్చిన్రు, ఎనుక గేర్లు ఎక్కిచ్చిన్రు. 1977ల జో బ్రీజ్ అనేటాయన ఈ పని కోసమే కొత్త ఫ్రేము తయారు జేసిండు. 1979ల గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి 'మౌంటెన్‌బైక్స్' అని వ్యాపారం పెట్టిన్రు. 1996ల అట్లాంటా ఒలింపిక్స్‌ల ఇది పతకాల ఆట అయింది. షాకప్పులు బాగ నడుమల వచ్చినయే. గుట్ట దిగెటోనికి మొదలు కావాల్సింది ఆగుడు అని వాండ్లకు అప్పుడే సమజైంది.

మూడు సోకులు

మొదటిది ఎనుక షాకప్పు. మంచి రకం ఎనుక షాకప్పుల స్ప్రింగు గాని గాలి గాని ఉంటది, దాంతోపాటు ఊపును ఆపే నూనె కూడ ఉంటది. ఫ్రేము మడతపడే కాడ బేరింగులుంటయి. గసువంటి సైకిల్ ధర మోటర్ సైకిల్ ధర దగ్గరికి పోతది. పదివేల సైకిల్‌ల పెట్టేది ఉట్టి స్ప్రింగే. ఎక్కుడుల మీరు తొక్కే బలం కొంత ఆ స్ప్రింగు మీద ఊగుడుకే పోతది. మడత కాడ అగ్గువ బుష్షులు అరిగి ఎనుక చక్రం అటిటు ఊగుతది. పైకెళ్లి బరువొకటి. ఎనుక షాకప్పు లేని సైకిల్‌ను హార్డ్‌టెయిల్ అంటరు. మన బడ్జెట్‌కు హార్డ్‌టెయిలే మేలు.

రెండోది మోటు టైరు. నాలుగు ఇంచుల మందమున్న టైరు ఇసుకల, మంచుల కూరుకపోకుండ తిరిగెతందుకు జేసింది. మన దగ్గర మంచెక్కడిది? మన తొవ్వలు మొరం, కంకర, బండలు. దీనికి 2.1 నుంచి 2.4 ఇంచుల టైరు సరిపోతది. మోటు టైరు సైకిల్ చానా మట్టుకు 17, 18 కిలోలు తూగుతది. ఎక్కేటప్పుడు ఆ బరువంత మీ మోకాళ్ల మీదనే పడ్తది. ట్యూబు పలిగితె మండలంల దొరుకుడు కూడ కష్టం.

మూడోది గేర్ల లెక్క. 21 గేర్లంటె ముంగట మూడు, ఎనుక ఏడు. మూడేడులు ఇరవై ఒకటి. కని అండ్ల సగం ఒకదాన్నొకటి పోలినయే ఉంటయి. సూడాల్సింది అన్నిట్లకెళ్లి తేలికైన గేరు ఎంత తేలిక అనేది. లెక్క అల్కగుంటది. ముంగటి చిన్న చక్రం పండ్లను ఎనుక పెద్ద చక్రం పండ్లతోని భాగించాలె. ముంగట 24, ఎనుక 34 ఉంటె 0.7 వస్తది. అంటె పెడల్ ఒక్క చుట్టు తిరిగితె చక్రం 0.7 చుట్టు తిరుగుతదన్నట్టు. ముంగట ఒక్కటే చక్రం 32 పండ్లది, ఎనుక 46 పండ్లది ఉన్నా గదే 0.7 వస్తది. పట్నపోళ్ల సైకిళ్లకు ముంగట ఒక్క చక్రమే ఎందుకుందో ఇప్పుడు తెలిసింది గదా. గట్టి గుట్ట ఎక్కాలంటె ఈ లెక్క 0.7 గాని, ఇంకా తక్కువ గాని ఉండాలె. 24కు 28 ఉన్న సైకిల్ 0.85 దాటుతది. దాంతోని నిట్టనిలువు ఎక్కుడు కాడ దిగి నూకుడే.

ఎనుక చక్రం కాడ ఇంకో ముచ్చట. ఏడు గేర్ల అగ్గువ సైకిళ్లకు హబ్బు మీద మర తిప్పి బిగిచ్చే ఫ్రీవీల్ ఉంటది. దాని ఇరుసుకు ఆసరా నడుమల ఉండేసరికి గుంతలల్ల ఎగిరెగిరి పడితె ఇరుసు వంగుతది, ఒక్కోసారి ఇరుగుతది. నా దగ్గరికొచ్చే ఖరాబులల్ల ఇది ఎక్కువ. క్యాసెట్ రకం హబ్బుకు ఆసరా అంచు దాక ఉంటది కావట్టి గట్టిగుంటది. "ఫ్రీవీలా, క్యాసెట్టా" అని అడుగుండ్రి. షిమానో సామాను ఉంటె పేరు సూడుండ్రి. కిందికెళ్లి మీదికి వరుస గిట్లుంటది: టూర్నీ, ఆల్టస్, అసేరా, అలీవియో, డియోర్. మొదలుపెట్టెటోనికి ఆల్టస్ మంచిగనే సరిపోతది.

ఫ్రేము: పెద్దది తీస్కో అంటె తీసుకోవద్దు

మన ఇండ్లల్ల ఒక అలవాటున్నది. "ఎదిగే పోరడు, పెద్దదే తీస్కో, తమ్మునికి కూడ పనికొస్తది" అంటరు. అంగీకి అది నడుస్తది గని, గుట్ట దిగే సైకిల్‌కు నడువది. ఫ్రేము పెద్దదైతె హ్యాండిల్ దూరమైతది, బ్రేకు మీద ఏలు ఆనదు, జారినప్పుడు కాలు నేలకు ఆనదు.

అందరు "26 సైకిల్, 29 సైకిల్" అంటరు. అది చక్రం కొలత. ఫ్రేము కొలత వేరే ఉంటది. అందాజగ చెప్పాలంటె ఐదు ఫీట్ల నుంచి ఐదు నాలుగు దాక ఉన్నోళ్లకు 14, 15 ఇంచుల ఫ్రేము. ఐదు ఏడు దాక 16. ఐదు పది దాక 17, 18. అంతకంటె పొడుగుంటె 19, 20. కంపెనీ కంపెనీకి జర మారుతది కావట్టి ఎక్కి సూసుడే అసలైన పరీక్ష. పై రాడ్డు రెండు దిక్కుల కాళ్లేసి నేల మీద నిలవడుండ్రి. రాడ్డుకు మీకు నడుమ రెండు ఇంచులకు తక్కువ కాకుండ సందుండాలె. సీటు మీద కూసోని పెడల్ కిందికి తొక్కితె మోకాలు జరంత వంగి ఉండాలె, పూరాగ చాపుకపోవద్దు. చెల్లెండ్లు కూడ ఇదే లెక్కన చిన్న ఫ్రేము అడిగి తీసుకోవాలె. దుకాణంల చిన్నది లేదని పెద్దది అంటగడితె ఇంకో దుకాణం సూడుండ్రి.

చక్రం సంగతికొస్తె 29 ఇంచులది రాళ్ల మీదికెళ్లి అల్కగ పోతది. 26ది చిన్న గుంతల కూడ దిగవడ్తది గని దాని టైర్లు, ట్యూబులు ఊర్లల్ల దొరుకుతయి. 27.5 ఈ రెండిటి నడుమ. ఐదు ఫీట్ల మూడు నాలుగు ఇంచులలోపున్నోళ్లకు 27.5 కుదురుగుంటది. పొడుగుంటె 29 తీసుకోవచ్చు.

ఫ్రేము ఇనుముదా, అల్యూమినియందా అనేది కూడ అడుగుతరు. ఇనుము బరువు గని పలిగితె వెల్డింగోళ్లు అతుకుతరు. అల్యూమినియం తేలిక. అది పలిగితె ఊర్ల వెల్డింగు పెట్టియ్యకుండ్రి. వేడికి ఆ లోహం బలం పోతది, అతికిచ్చిన పక్కకెళ్లే మళ్ల ఇరుగుతది.

బ్రేకు, ముంగటి షాకప్పు

బ్రేకులు మూడు రకాలు. రిమ్మును పట్టే రబ్బరు బ్రేకు, వైరుతోని పనిచేసే డిస్కు, నూనెతోని పనిచేసే హైడ్రాలిక్ డిస్కు. రబ్బరు బ్రేకు ఎండకాలం బాగనే పడ్తది. వానల రిమ్ము తడిసి బురద అంటితె ఆగుడు ఆలస్యమైతది. వైరు డిస్కు బురదల కూడ పట్టుతది గని ప్యాడు అరిగినకొద్ది చేతితోని సరిజేస్తుండాలె. హైడ్రాలిక్ డిస్కు ఒక్క ఏలుతోని ఆగుతది, పెద్ద దిగుడుల చేతులు గుంజయి. ధర పిరం. పైసలు పెరిగినకొద్ది మొదలు మార్చాల్సింది ఇదే అని నేనంట. అగ్గువ సైకిల్‌కు నాసిరకం డిస్కుంటె దానికంటె మంచి రబ్బరు బ్రేకే నయం.

ముంగటి షాకప్పు ఉంటె మంచిదే, చేతులకు అదురు తగ్గుతది. మన తొవ్వలకు 100 మిల్లీమీటర్లు దిగేది సరిపోతది. అగ్గువ రకంల స్ప్రింగు గట్టిగుంటది. 50 కిలోల పోరడు కూసుంటె అది దిగనే దిగదు, ఉట్టి బరువు మోసినట్టే. గాలితోని పనిచేసే ఫోర్కుకైతె మన బరువును బట్టి గాలి నింపుకోవచ్చు. ఫోర్కు మీద బిగిచ్చే మీట ఉంటె ఎక్కుడుల దాన్ని మూసి తొక్కుండ్రి, ఊగుడు బందైతది.

పల్లేరు కాయ, సర్కారు తుమ్మ

మన దగ్గర టైరుకు బండకంటె ముల్లే పెద్ద దుష్మన్. చెలకలల్ల పల్లేరు కాయలు, చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ. పల్లేరు కాయ ఎట్ల పడ్డా ఒక ముల్లు మీదికే ఉంటది. దీనికి రెండు ఉపాయాలున్నయి. ఒకటి, టైరుకు ట్యూబుకు నడుమ వేసే పట్టీ. రెండోది, ట్యూబులకు ఎక్కిచ్చే సీలెంట్ ద్రవం, చిన్న చిన్న బొక్కలను అదే పూడుస్తది. ట్యూబే లేని టైర్లు ఇంకా మంచియి గని రిమ్ము, టైరు రెండు దానికి తగ్గయి ఉండాలె.

గాలి ఎంత కొట్టాలె? పంచర్ దుకాణంల రాయి తీరు గట్టిగయ్యేదాక కొడ్తరు. గట్టి టైరు మొరం మీద జారుతది. టైరు పక్కన ఎంత నుంచి ఎంత దాక అనేది రాసుంటది. 60, 70 కిలోల మనిషికి, 2.1 ఇంచుల టైరుకు, మట్టి తొవ్వల 25 నుంచి 35 పీఎస్ఐ నడుమ మంచిగుంటది. ఎనుక రెండు మూడు ఎక్కువ పెట్టుకోవాలె. మరీ తక్కువైతె రాయికి రిమ్ముకు నడుమ ట్యూబు నలిగి పాము కాటు లెక్క రెండు బొక్కలు పడ్తయి. ఇంకోటి, ట్యూబు వాల్వు సూసుకోవాలె. మోటర్ సైకిల్‌కున్నసువంటి వాల్వు అయితె ఏ పంచర్ దుకాణంలనైనా గాలి పడ్తది. సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటె చిన్న అడాప్టర్ జేబుల పెట్టుకోవాలె, లేకుంటె అడవి నడుమ నిలవడ్తరు.

నెత్తి, చేతులు, కాళ్లు

హెల్మెట్ లేకుండ గుట్ట దిగొద్దు. మోటర్ సైకిల్ హెల్మెట్ పెట్టుకుంట అంటరు కొందరు. అది బరువు, గాలాడదు, ఎక్కుడుల చెమటకు తీసి హ్యాండిల్‌కు తగిలిస్తరు. తగిలిచ్చిన హెల్మెట్ నెత్తిని కాపాడదు. సైకిల్ హెల్మెట్ లోపల ఈఎన్ 1078 గాని, సీపీఎస్సీ గాని రాసుందా సూడుండ్రి. కనుబొమ్మల మీద రెండు ఏళ్ల ఎత్తుల ఉండాలె, ఎనుకకు జారొద్దు. గదుమ కింద పట్టీల ఒకటి రెండు ఏళ్లు పట్టాలె. ఒక్కసారి గట్టిగ తగిలినంక మీద పగులు కనపడకున్నా మార్చాలె, లోపలి థర్మోకోల్ ఒక్క దెబ్బకే పనికొస్తది.

చేతులకు గ్లౌజులు, ఎందుకంటె పడ్డప్పుడు మొదలు నేలకు ఆనేది అరచెయ్యే. కండ్లకు తెల్ల అద్దాలు, పురుగులకు, కొమ్మలకు. చెప్పులేసుకోని తొక్కొద్దు. అడుగు సాపుగున్న బూట్లు మేలు, లేసులు లోపలికి దోపుకోవాలె. మోకాళ్లకు ప్యాడ్లు బండల తొవ్వలకు కావాలె. ఒక ట్యూబు, పంచర్ డబ్బీ, టైరు తీసే ప్లాస్టిక్ పుల్లలు, చిన్న పంపు, 4, 5, 6 మిల్లీమీటర్ల ఎల్లెన్ కీలు సంచిల ఉండాలె. ఎండకాలం రెండు లీటర్ల నీళ్లకు తక్కువ కాకుండ పట్టుకపోవాలె.

చేతుల 20 వేలుంటె

సైకిల్‌కు 16 వేలు దాటొద్దు. హెల్మెట్‌కు ఒక 2 వేలు. పంపు, ట్యూబు, పట్టీలు, కీలకు వెయ్యి. గ్లౌజులకు, అద్దాలకు మిగిలిన వెయ్యి. 20 వేలు మొత్తం సైకిల్ మీదనే పోస్తె హెల్మెట్ "వచ్చే నెల" అయితది, ఆ నెల ఎన్నడు రాదు. చేతుల పదివేలే ఉంటె ఎనుక షాకప్పు లేని, మంచి రబ్బరు బ్రేకులున్న ఉత్త సైకిల్ కొనుండ్రి. పాతది కొన్నా తప్పు లేదు. బిల్లు ఉండాలె, వెల్డింగు కాడ సన్న పగులు లేకుండాలె, చక్రం ఎత్తి తిప్పితె ఊగొద్దు, హ్యాండిల్ తిప్పుతుంటె కటకట అనొద్దు.

కొత్తదైతె దుకాణంలనే ఇవి సూడుండ్రి. డిస్కు ఎడమ దిక్కుందా? కుడి దిక్కుంటె ఫోర్కును ఉల్టా బిగిచ్చిన్రన్నట్టు. ఏ చెయ్యి లీవరు ముంగటి బ్రేకో తెలుసుకోవాలె. చక్రం మీట గట్టిగ పడ్డదా? అన్ని గేర్లు మారుతున్నయా? తోడొచ్చిన చిన్న పుస్తకం సదువుండ్రి. ఏ పనికి ఈ సైకిల్ పనికొస్తదో, ఏం జేస్తె వారంటీ పోతదో అండ్లనే ఉంటది. బయటి దేశాల చానా కంపెనీలు సైకిళ్లను ఒకటి నుంచి ఐదు దాక నంబర్లేస్తయి. రెండో నంబరుదైతె 15 సెంటీమీటర్లకంటె ఎత్తుకెళ్లి దుంకొద్దని, మూడోదైతె 61 సెంటీమీటర్లని లెక్క. "గుట్టలెక్కుతది" అన్న దుకాణపాయనకు ఆ కాగితం సూపెట్టి అడగాలె.

ఇంకొక్క మాట. రిజర్వు అడవిలకు, పులుల అడవులైన అమ్రాబాద్, కవ్వాల్ లోపలికి అనుమతి లేకుండ పోవద్దు. చేన్ల నడుమ తొవ్వైతె పంట తొక్కొద్దు, పశులు ఎదురైతె ఆగి పోనియ్యాలె. కొత్త సైకిల్ తెచ్చినంక వారం రోజులు ఊరి చెరువు కట్ట మీద, బండ్ల బాటల తొక్కుండ్రి. వారం తర్వాత ఒకసారి నట్లన్ని బిగించుకోవాలె. బ్రేకు చెయ్యికి అలవాటయినంకనే గుట్ట దిక్కు తిప్పుండ్రి.